వేళ్లు కొంకర్లు పోకముందే

జ్వరం చూసే పాదరసం థర్మామీటరు ఇంట్లో ఇంకా ఉంటే ఒకసారి తీసి వెలుతురుకు పట్టి చూడండి. సెల్సియస్ గీతలు ఎక్కడ మొదలయ్యాయి? 35 దగ్గర. దాని కింద గీతే లేదు. డిజిటల్‌ది కొన్నారా? అది చాలావరకు 32 దాకా లెక్క చెప్పి, ఆ దిగువన ‘లో’ అని చూపించి ఊరుకుంటుంది. మన ఇళ్లలోని థర్మామీటర్లన్నీ జ్వరం కోసం తయారైనవి. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే వైద్యులు దాన్ని హైపోథెర్మియా అంటారు. సరిగ్గా మన థర్మామీటరు గీతలు అయిపోయిన చోటే ఆ ప్రమాదం మొదలవుతుంది.

వడదెబ్బ తగిలితే ఏం చేయాలో మనకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. నీడకు చేర్చాలి, తడిగుడ్డతో ఒళ్లు తుడవాలి, మజ్జిగ పట్టాలి అని పెద్దవాళ్లను చూసే నేర్చుకున్నాం. చలి విషయంలో ఆ వారసత్వం లేదు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో పెరిగిన కుర్రాడికి చలి అంటే పుష్యమాసపు తెల్లవారుజాము, ముసుగు తన్నిన దుప్పటి, భోగి మంట. అదే కుర్రాడు చదువుకని షికాగో వెళ్తే? 2019 జనవరి 30న ఆ ఊళ్లో ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీలు దాటి పడిపోయింది. కెనడాలోని విన్నిపెగ్‌లో, ఎడ్మంటన్‌లో చాలా చలికాలాల్లో అలాంటి రోజులు కొన్ని ఉంటాయి. అంత దూరం వెళ్లనక్కర్లేదు కూడా. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం సుమారు 3,800 మీటర్ల ఎత్తు. మంచు కురిసే నెలల్లోనే దాన్ని ఎక్కాలని మన వైపు నుంచి కుర్రాళ్లు బృందాలుగా వెళ్తున్నారు. వీళ్లలో ఎంతమందికి చలిదెబ్బ మొదటి లక్షణం తెలుసు?

వేలికి పెట్టుకునే చిన్న సెన్సర్, జేబులో ఇమిడే బోర్డు, ఛాతీ మీద గుర్రుమనే మోటారు. ఈ మూడూ కలిపి సొంతంగా తయారు చేసుకోవడం ఈ అధ్యాయం పని. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చి, ఆర్డుయినోతో ఒక దీపం వెలిగించిన అనుభవం ఉంటే చాలు. రెండు ఆదివారాల్లో పూర్తవుతుంది. ఇది వైద్య పరికరం కాదు, ఆస్పత్రికి బదులు కాదు. ‘ఇక లోపలికి పద’ అని వేళకు చెప్పే తోడు మాత్రమే.

నొప్పి ఆగిపోయిన క్షణం

ఒక బస్టాపును ఊహించుకోండి. విన్నిపెగ్, జనవరి, సాయంత్రం ఆరు. ఇండియా నుంచి వచ్చి నాలుగు నెలలైన విద్యార్థి నిలబడి ఉన్నాడు. జాకెట్ మంచిదే. గ్లౌజులు మాత్రం ఊళ్లో బైకు నడిపేటప్పుడు వేసుకున్నవే. బస్సు ఆలస్యం. మొదట వేళ్లు చురుక్కుమన్నాయి, తర్వాత నొప్పి పెట్టాయి, ఇంకాసేపటికి నొప్పి పోయింది. ‘చలికి అలవాటు పడ్డానన్నమాట’ అనుకున్నాడు. ఫోను తీస్తే బ్యాటరీ చలికి చతికిలబడి స్క్రీను నల్లగా మారింది. జాకెట్ జిప్పు పైకి లాగుదామంటే వేళ్లు మాట వినడం లేదు.

అతను చేసిన తప్పు ఏమిటి? గ్లౌజులు ఒక తప్పు, నిజమే. అంతకంటే పెద్దది, నొప్పి పోవడాన్ని మెరుగుగా లెక్కగట్టడం. వేలి చర్మం 15 డిగ్రీలకు దిగేసరికి పనితనం తగ్గుతుంది, 10 దగ్గర నొప్పి, 7 దగ్గర స్పర్శ పోవడం. అటూ ఇటూగా మనిషి మనిషికీ తేడా ఉన్నా వరస మాత్రం ఇదే. నొప్పి ఆగిందంటే తర్వాతి మెట్టు దిగాడని అర్థం. సున్నాకు కాస్త దిగువన చర్మం గడ్డకట్టడం మొదలైతే అది ఫ్రాస్ట్‌బైట్.

ఒళ్లంతా చల్లబడితే మరీ కష్టం. మాట ముద్దగా వస్తుంది, అడుగు తడబడుతుంది, చేతిలోవి జారిపోతాయి, ఊరికే విసుగు పుడుతుంది. ఇంకా చల్లబడితే వణుకు కూడా ఆగిపోతుంది. పక్కనున్నవాళ్లు ‘హమ్మయ్య, తేరుకున్నాడు’ అనుకునే ఆ ఘడియే అత్యంత ప్రమాదకరమైనది. ప్రాణం మీదికి వచ్చిన స్థితిలో కొందరు ఒంటిమీది బట్టలు తామే తీసేస్తారని వైద్యులు, సహాయక బృందాలు ఎన్నోసార్లు నమోదు చేశారు. చలి మొదట దోచుకునేది మనిషి తెలివిని. ఈ పరికరంలో ప్రతి వైరూ ప్రతి బటనూ ఈ ఒక్క సంగతిని దృష్టిలో పెట్టుకుని పెట్టాల్సినవే. తెలివి మసకబారిన మనిషి, వేళ్లు కొంకర్లు పోయిన మనిషి వాడేది ఇది. వెచ్చటి గదిలో కూర్చుని డిజైన్ చేసే మీరు ఆ మనిషి కాదు.

ముందు ఒక శిశువు చేతి పట్టీ చూడండి

బెంగళూరులో పుట్టిన బెంపూ కంపెనీ నవజాత శిశువుల మణికట్టుకు కట్టే చిన్న పట్టీ ఒకటి చేసింది. 2017లో టైమ్ పత్రిక ఆ ఏడాది మేటి ఆవిష్కరణల్లో దాన్ని చేర్చింది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ ఒంట్లో వేడి నిలవదు. 36.5 డిగ్రీల కంటే తగ్గితేనే శిశువుకు ప్రమాదంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తుంది. ఆ పట్టీ మీద అంకెలేమీ ఉండవు. వేడి సరిగ్గా ఉన్నంతసేపూ నీలి దీపం మినుకు మినుకుమంటుంది. వేడి తగ్గితే రంగు మారి అలారం మోగుతుంది. తల్లి వెంటనే బిడ్డను గుండెల మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా హత్తుకుంటుంది. అంతే.

ఇందులో నేర్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి. అంకె చదవనక్కర్లేదు. అలారం వినేది ప్రమాదంలో ఉన్న బిడ్డ కాదు, పక్కనున్న మనిషి. మోగితే చేయాల్సిన పని ఒక్కటే, అది ముందే తెలుసు. మరో సంగతి, ఎక్కువమంది గమనించనిది: ఆ నీలి దీపం. పరికరం బతికే ఉందని అది చెబుతోంది. దీపమే లేకపోతే నిశ్శబ్దానికి అర్థమేమిటి? అంతా బాగుందనా, బ్యాటరీ అయిపోయిందనా?

ఇక పనిలోకి దిగుదాం.

1. అలారం ముందు, సెన్సర్ తర్వాత

చాలామంది సెన్సర్ కొని, దాని అంకెను తెర మీద చూసి మురిసి, అలారం సంగతి చివరికి వదిలేస్తారు. తిరగేసి మొదలుపెట్టండి. టోపీ, దాని మీద హుడ్, చెవుల చుట్టూ మఫ్లరు ఉన్న మనిషికి చిన్న బజరు వినపడుతుందా? వినపడదు. అందుకే ఫోన్లలో ఉండే నాణెం ఆకారపు వైబ్రేషన్ మోటారు తీసుకుని లోపలి చొక్కాకు, కాలరు ఎముక కింద కుట్టండి. ఎముక దగ్గరైతే అదురు గట్టిగా తెలుస్తుంది.

ఈ మోటారుకు సుమారు 80 మిల్లీయాంపులు కావాలి. బోర్డు పిన్ను నేరుగా అంత ఇవ్వలేదు. 2ఎన్2222 ట్రాన్సిస్టరు ఒకటి, దాని బేస్‌కు 1కె రెసిస్టరు, మోటారుకు అడ్డంగా 1ఎన్4148 డయోడు ఒకటి పెట్టండి. డయోడు మర్చిపోతే మోటారు ఆగిన ప్రతిసారీ వచ్చే వోల్టేజి కుదుపు బోర్డును దెబ్బతీస్తుంది.

బటన్ ఒకటి కావాలి, ‘విన్నాను’ అని చెప్పడానికి. అది మిటెన్ వేసుకున్న చేతి మడమతో గుద్దినా పనిచేసేంత పెద్దది కావాలి. నిమిషంలోగా బటన్ నొక్కకపోతే పరికరం రెండో మనిషిని పిలవాలి. తోడు ఉన్నవారైతే బ్యాగు వెనక బిగించిన బజరు, ఎర్ర దీపం చాలు. ఒంటరిగా తిరిగేవారైతే బ్లూటూత్ ఉన్న బోర్డు, ఉదాహరణకు ఎన్‌ఆర్‌ఎఫ్52840 చిప్ ఉన్నది, తీసుకుని లోపలి జేబులోని ఫోను ద్వారా సందేశం పంపే ఏర్పాటు చేసుకోవాలి. ఫోను లోపలి జేబులోనే ఉండాలి. బయటి జేబులోని ఫోనుకు బస్టాపులో ఏమైందో చూశాం కదా.

2. ఏ వేడిని కొలుస్తున్నారు?

చర్మం మీది సెన్సర్ ఒంటి లోపలి వేడిని చెప్పదు. ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. ఛాతీకి అంటించిన సెన్సర్ 33 చూపిస్తే హైపోథెర్మియా అని హడలిపోనక్కర్లేదు, చర్మం మామూలుగానే లోపలి కంటే చల్లగా ఉంటుంది. మరి వేలి మీద ఎందుకు? చలి తగలగానే శరీరం గుండె, మెదడు, కాలేయాలను కాపాడుకోవడానికి చేతులకు, కాళ్లకు వెళ్లే రక్తనాళాలను బిగిస్తుంది. కాబట్టి మొదట బలయ్యేది వేళ్లే. మొదట కబురు చెప్పేదీ వేళ్లే.

‘ఫోన్‌లో వాతావరణం యాప్ ఉందిగా, ఇంకా ఇదెందుకు?’ అని ఎవరైనా అడగవచ్చు. యాప్ ఊరి సంగతి చెబుతుంది, మీ గ్లౌజు లోపలి సంగతి చెప్పదు. ఒంటి చుట్టూ పల్చటి వెచ్చని గాలిపొర ఒకటి ఉంటుంది, ఈదురుగాలి దాన్ని ఊడ్చేస్తుంది. దీన్నే విండ్ చిల్ అంటారు. 2001లో అమెరికా, కెనడాలు తీసుకొచ్చిన సూత్రం ప్రకారం ఉష్ణోగ్రత మైనస్ 20 ఉండి, గాలి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వీస్తే ముఖానికి తగిలే చలి మైనస్ 33కి సమానం. విండ్ చిల్ మైనస్ 28 నుంచి 39 మధ్య ఉంటే కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చని కెనడా వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది. అయితే జాకెట్ బయట వేలాడదీసిన సెన్సర్ ఆ గాలిలో కూడా మైనస్ 20 అనే చూపిస్తుంది, ఎందుకంటే ఒంట్లో వేడి లేని పొడి వస్తువును గాలి తనకంటే చల్లబరచలేదు. వేలికి అంటుకున్న సెన్సర్ మాత్రం గాలి, తడి, పల్చటి గ్లౌజు, పొద్దుట్నుంచి ఏమీ తినకపోవడం, వీటన్నిటి ఫలితాన్నీ ఒకే లెక్కలో చెబుతుంది.

2022 జనవరిలో కెనడాలోని మానిటోబాలో, అమెరికా సరిహద్దుకు 12 మీటర్ల దూరంలో గుజరాత్ నుంచి వెళ్లిన ఒక కుటుంబం మంచులో ప్రాణాలు కోల్పోయింది. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. గాలితో కలిపి చలి మైనస్ 35. ఏ సెన్సరూ వాళ్లను ఆ రాత్రి నుంచి కాపాడగలిగేది కాదు, అలాంటి చలిలోకి నడవకపోవడం ఒక్కటే దారి. పరికరం చేతికి ఉందన్న ధైర్యంతో బయటికి వెళ్లే ఆలోచన ఎవరికైనా వస్తే, ఆ పరికరాన్ని ఇంట్లో పెట్టి తాళం వేయడం మేలు.

3. సెన్సర్ కొనేటప్పుడు

కాలేజీ ప్రాజెక్టుల్లో అందరూ వాడే డీహెచ్‌టీ11 చేతికి దొరుకుతుంది కదా అని దాన్నే పెట్టేస్తారు. అది కొలిచేది సున్నా నుంచి 50 డిగ్రీల దాకానే, అదీ రెండు డిగ్రీల తేడాతో. చలికి పనికిరాదు. ఎల్ఎం35 కూడా మామూలు పద్ధతిలో కలిపితే సున్నా దిగువన చతికిలబడుతుంది. ఉక్కు గొట్టంలో వచ్చే డీఎస్18బీ20 మైనస్ 55 దాకా కొలుస్తుంది, నమ్మకమైనదే, కానీ ఆ గొట్టం గ్లౌజులో పట్టదు. పైగా నకిలీలు చాలా తిరుగుతున్నాయి. దాన్ని బ్యాగుకు తగిలించి బయటి గాలి చూడటానికి ఉంచుకోండి. అది ఎప్పుడైనా 85 అని చూపిస్తే కంగారు పడకండి, కరెంటు అందగానే దానిలో ముందుగా ఉండే అంకె అది. ఇంకా కొలవలేదని అర్థం. ఆర్డుయినో లైబ్రరీ మైనస్ 127 చూపిస్తే వైరు ఊడిందని అర్థం.

గ్లౌజు లోపలికి సరైనది 10కె ఎన్‌టీసీ థర్మిస్టరు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఈ పేరు చెబితే ఇచ్చేస్తారు. ఆవగింజకు కాస్త పెద్దది. 25 డిగ్రీల దగ్గర దాని రెసిస్టెన్స్ 10 వేల ఓములు, సున్నా దగ్గర 32, 33 వేల దాకా పెరుగుతుంది. దాంతో వరసగా ఒక శాతం తేడా మించని 10కె రెసిస్టరు కలిపి, మధ్య బిందువును బోర్డు అనలాగ్ పిన్నుకు ఇస్తే పని అయిపోయింది. దానికి కరెంటును డిజిటల్ పిన్ను నుంచి, కొలిచే క్షణంలో మాత్రమే ఇవ్వండి. బ్యాటరీ ఆదా, థర్మిస్టరు తనంతట తాను వేడెక్కే బాధ కూడా ఉండదు.

ఎక్కువ ఖచ్చితం కావాలంటే టీఎంపీ117 ఉంది, మైనస్ 20 నుంచి 50 దాకా డిగ్రీలో పదో వంతు తేడాతో చెబుతుంది. కానీ 15 డిగ్రీల గీత దాటామా లేదా అనే ప్రశ్నకు అర డిగ్రీ తేడా ఏమాత్రం అడ్డం కాదు. డబ్బు అక్కడ పెట్టే బదులు మంచి గ్లౌజుల మీద పెట్టండి.

4. గ్లౌజులో వైరు

ఇంట్లో చేసే పరికరాలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ తీరిగ్గా పని చేయాలి. మామూలు ప్లాస్టిక్ వైరు చలిలో కర్రలా బిగుసుకుంటుంది, నాలుగు సార్లు వంగితే లోపల రాగి తెగుతుంది. సిలికాన్ తొడుగు ఉన్న సన్నటి వైరు కొనండి, అది మంచులో కూడా తాడులా మెత్తగా ఉంటుంది.

థర్మిస్టరు రెండు కాళ్లూ ఒకదానికొకటి తగలకుండా ఒక్కోదానికి విడిగా హీట్ ష్రింక్ గొట్టం వేయండి. ఆ పైన రెండింటినీ కలిపి, లోపల జిగురు ఉన్న గొట్టం మరొకటి. జిగురు లేనిది వేస్తే చెమట లోపలికి పాకుతుంది. చెమట ఉప్పునీరే కదా, అది కాళ్ల మధ్య కరెంటుకు దొంగదారి ఇస్తుంది. రెసిస్టెన్స్ తగ్గినట్టు కనిపిస్తుంది, అంటే పరికరం ఉన్నదానికంటే వెచ్చగా ఉందని అబద్ధం చెబుతుంది. చలి పరికరానికి ఇంతకంటే చెడ్డ అబద్ధం లేదు.

థర్మిస్టరు గింజను చిటికెన వేలి వెనక వైపు, గోరు కిందుగా, మొదటి కణుపు దగ్గర ఉంచండి. అరచేతి వైపు పెడితే ఏ ఇనుప కడ్డీ పట్టుకున్నా ఆ చలి చెబుతుంది. గ్లౌజు లోపల వేసుకునే పల్చటి ఊలు గ్లౌజుకు దాన్ని కుట్టి, గింజ మీద, అంటే బయటి వైపు, చిన్న ఫోమ్ ముక్క అడ్డం పెట్టండి. అప్పుడే అది గ్లౌజు వేడిని కాకుండా చర్మం వేడిని చూస్తుంది. వైరును వేలి పొడవునా తిన్నగా కాకుండా పాములా వంకరలు తిప్పి కుట్టాలి. పిడికిలి బిగించినప్పుడు వేలి వెనక భాగం సాగుతుంది, తిన్నటి వైరు అక్కడే పుటుక్కుమంటుంది. బిగుతుగా మాత్రం కట్టవద్దు. వేలికి రక్తం ఆగితే మన సెన్సరే ఫ్రాస్ట్‌బైట్ తెస్తుంది.

మణికట్టు దగ్గర పాత హెడ్‌ఫోన్ జాక్ ఒకటి పెట్టండి. గ్లౌజు విసురుగా లాగినప్పుడు వైరు తెగే బదులు జాక్ ఊడి వస్తుంది.

ఊడిన సంగతి పరికరం గుర్తించాలి. వైరు తెగితే లెక్క దారుణమైన చలిలా కనిపిస్తుంది, వైర్లు కలిసిపోతే మండే వేడిలా. మైనస్ 40 కంటే తక్కువ, 60 కంటే ఎక్కువ ఏది వచ్చినా అది ఉష్ణోగ్రత కాదు, చెడిపోయిన గుర్తు. దానికి వేరే రకం అదురు పెట్టండి, మూడు పొట్టి కుదుపులు అనుకోండి. అంతా బాగున్నప్పుడు అర నిమిషానికోసారి చిన్న నీలి దీపం. శిశువు పట్టీ నేర్పిన పాఠం.

5. బ్యాటరీ కూడా చలికి వణుకుతుంది

నాణెం సెల్ సీఆర్2032తో పని కానిచ్చేద్దామనిపిస్తుంది. చలిలో దాని లోపలి నిరోధం పెరుగుతుంది. మోటారు తిరగబోయేసరికి వోల్టేజి కూలి, సరిగ్గా మోగాల్సిన క్షణంలో బోర్డు రీసెట్ అవుతుంది. ఫోన్ తరహా లిథియం పాలిమర్ బ్యాటరీ? వాడవచ్చు, కానీ సున్నా డిగ్రీల దిగువన ఛార్జింగ్ పెట్టకూడదు. లోపల లిథియం లోహం పొరలా పేరుకుని బ్యాటరీ పాడవుతుంది, ప్రమాదం కూడా. బయట నుంచి రాగానే ప్లగ్గులో పెట్టకండి, గది వేడికి వచ్చాక పెట్టండి. ఇంకో పొరపాటు అందరూ చేసేదే: చవగ్గా దొరికే టీపీ4056 ఛార్జర్ ముక్క దుకాణం నుంచి వచ్చేటప్పుడు ఒక యాంపియర్ ఇచ్చేలా ఉంటుంది. 250 మిల్లీయాంప్ గంటల చిన్న బ్యాటరీకి అది నాలుగింతలు. ఛార్జింగ్ కరెంటును నిర్ణయించే 1.2కె రెసిస్టరును తీసి 10కె వేస్తే 130 మిల్లీయాంపులకు దిగుతుంది.

ఈ తలనొప్పులేమీ వద్దనుకుంటే రెండు ఏఏ సైజు లిథియం సెల్స్ తీసుకోండి. రీఛార్జ్ కావు, ధర ఎక్కువ, కానీ మైనస్ 40 దాకా పనిచేస్తాయి. అప్పుడు బోర్డు 3.3 వోల్టుల ఆర్డుయినో ప్రో మినీ సరిపోతుంది. ఫోనుతో కలిపేవారికి మొదటి మెట్టులో చెప్పిన బ్లూటూత్ బోర్డు. ఏ సెల్ అయినా, బోర్డుతో సహా లోపలి చొక్కా జేబులో, ఒంటి వెచ్చదనంలో ఉంచండి. ఎల్‌సీడీ తెర మాత్రం వద్దు. చలికి దానిలోని ద్రవం మందగించి అంకెలు మసకబారతాయి, ఆ స్థితిలో ఉన్న మనిషి ఎలాగూ వాటిని చదవడు.

6. గీతలు ఎక్కడ గీయాలి

అర నిమిషానికోసారి కొలిచి, మిగతా సమయం బోర్డును నిద్రపుచ్చండి. వేలు 20 డిగ్రీలకు దిగితే ఒక పొట్టి కుదుపు. 15కు దిగితే పొడుగు కుదుపులు, బటన్ నొక్కాలి. 10కి దిగితే ఆగకుండా అదురు, రెండో మనిషికి కబురు. ఒక్క లెక్కను నమ్మకుండా వరసగా మూడుసార్లు అదే వస్తేనే మోగించండి. లేకపోతే చల్లటి తలుపు గడియ తగిలినా మోగి, మూడో రోజుకే దాన్ని తీసి పక్కన పడేస్తారు.

ఇక్కడ ఒక మోసం ఉంది. 1930లో థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు గమనించాడు: వేలిని మంచునీళ్లలో ఉంచితే కొన్ని నిమిషాలు చల్లబడి, మళ్లీ దానంతట అదే వెచ్చబడి, మళ్లీ చల్లబడుతుంది. బిగిసిన రక్తనాళాలు కాసేపు వదులై మళ్లీ బిగుస్తాయి. మీ పరికరం ఈ ఊగిసలాటలో 15 దాటి పైకి వచ్చిన లెక్క చూసి ‘ప్రమాదం తప్పింది’ అని నోరు మూసుకుంటే? అందుకే మోగడానికి ఒక గీత, ఆగడానికి వేరే గీత పెట్టాలి. 15 దగ్గర మోగితే, 20 పైన అయిదు నిమిషాలు నిలిచాకే ఆగాలి.

పెద్దవాళ్ల కోసం చేస్తుంటే గీతలు ఇంకాస్త పైకి జరపండి. వయసు మీద పడినవారికి వణుకు తక్కువ, చలి తెలియడం ఆలస్యం. వేళ్లు చలికి తెల్లబడే రెనాడ్స్ సమస్య, మధుమేహం వల్ల స్పర్శ తగ్గడం ఉన్నవారు గీతల విషయం డాక్టరును అడిగి తేల్చుకోవాలి.

7. మంచులేని ఊళ్లో మంచు పరీక్ష

విజయవాడలో కూర్చుని దీన్ని ఎలా పరీక్షించాలి? ఫ్రిజ్ ఉంటే చాలు. ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి పప్పుగుత్తితో నలగ్గొట్టండి. స్టీలు గ్లాసు నిండా ఆ పొడి వేసి, సందులు నిండేంత మాత్రమే మంచినీళ్లు పోసి కలపండి. ముక్కలు నీళ్లలో తేలుతుంటే నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం, కాస్త వంపేయండి. ఆ గ్లాసు మధ్య భాగం సున్నా డిగ్రీలు. థర్మిస్టరును అందులో ఉంచి, అడుగుకు, అంచుకు తగలకుండా కలుపుతూ అయిదు నిమిషాలు ఆగండి. లెక్క 0.8 వచ్చిందా? ఆ తేడాను రాసుకోండి. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో డిజిటల్ జ్వరం థర్మామీటరుతో పక్కపక్కన పెట్టి 37 దగ్గర తేడా చూడండి. ఈ రెండు తేడాలతో ప్రోగ్రాంలో లెక్క సరిదిద్దుకుంటే మధ్యలో ఉన్న 10, 15, 20 గీతలు సరిగ్గా పడతాయి.

ఇక అసలు పరీక్ష. మొత్తం పరికరాన్ని జిప్ కవరులో వేసి డీప్ ఫ్రీజర్‌లో గంట ఉంచండి. అక్కడ సుమారు మైనస్ 18. తలుపు మూసి, చెవి ఆనించి వినండి. మోటారు మోగుతోందా? మోగితే మీ పని సగం గెలిచినట్టే. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి. లంబసింగి పొగమంచులో కళ్లద్దాలు చెమర్చినట్టే చల్లటి బోర్డు మీద తేమ పడుతుంది. గది వేడికి వచ్చేదాకా కవరులోనే ఉంచండి.

8. మోగింది. ఇప్పుడు?

20 దగ్గర: చేతులు చంకల్లో పెట్టుకోండి, కదలండి, గ్లౌజు తడిసిందేమో చూడండి. 15 దగ్గర: లోపలికి నడవండి. బస్సు వస్తుందేమోనని చూడకండి, పక్కనున్న దుకాణంలోకి దూరండి. 10 దగ్గర ఇక మాట్లాడే పనే లేదు, ఉన్నపళంగా లోపలికి.

వెచ్చటి చోటుకు వచ్చాక మనవాళ్లు ప్రేమతో చేసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. అరచేతులు గట్టిగా రుద్దడం మొదటిది. గడ్డకట్టిన చర్మాన్ని రుద్దితే లోపల ఇంకా చితుకుతుంది. హీటరు దగ్గరో పొయ్యి దగ్గరో పెట్టడం రెండోది, స్పర్శ లేని చెయ్యి కాలినా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో ముంచడం సరైన పద్ధతి, అది కూడా మళ్లీ చలిలోకి వెళ్లే పని లేదని తేలాకే. ‘ఒక పెగ్గు వేస్తే వెచ్చబడతాడు’ అనేది మూడోది. మద్యం చర్మంలోని రక్తనాళాలను వదులు చేసి ఉన్న వేడిని బయటికి పోగొడుతుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా లేకుండా ప్రాణం తీస్తుంది.

మాట తడబడుతున్నా, వణుకు ఆగిపోయినా, తడి బట్టలు తీసి, దుప్పట్లు చుట్టి, కదపకుండా పడుకోబెట్టి అంబులెన్సుకు ఫోన్ చేయాలి. తెలుగు రాష్ట్రాల్లో 108, అమెరికా కెనడాల్లో 911. తెలివిలో ఉండి మింగగలిగితే వేడి తీపి టీ ఇవ్వవచ్చు.

ఈ వరసంతా కాగితం మీద నాలుగు లైన్లుగా రాసి గదిలో ఉండే మిత్రుడికి ఇవ్వండి. తర్వాత అతనికి చెప్పకుండా ఒక సాయంత్రం థర్మిస్టరును ఐసు గ్లాసులో ముంచి, బటన్ నొక్కకుండా ఊరుకోండి. కబురు అతనికి ఎన్ని నిమిషాల్లో చేరింది? తిరిగి ఫోన్ చేశాడా? చేయకపోతే అతని మీద కోపం వద్దు, బహుశా ఫోను సైలెంట్‌లో ఉండి ఉంటుంది. ఆ రాత్రే ఇద్దరూ కూర్చుని, మీ పరికరం పంపే సందేశానికి మాత్రం సైలెంట్‌లో ఉన్నా మోగేలా సెట్టింగు మార్చి, మరోసారి ఐసు గ్లాసు పెట్టి చూడండి.